కంటికొలత మేస్త్రి కొన్న ఇల్లు

తన చేత్తో తాను పొట్టిగా కోసిన మంచాన్ని ఒక గదిలో వేసి చూపిస్తే, ఆ గది విశాలంగా ఉందని ఒక వడ్రంగి ఎలా నమ్మగలడు? ఎన్ని విధాల ఆలోచించినా ఈ ప్రశ్నకు ఇంతవరకూ జవాబు దొరకలేదు. తెలివితక్కువవాడు అందామంటే ఆ చుట్టుపక్కల ఆయన్ని మించిన పనివాడు లేడు. మోసపోయాడు పాపం అందామంటే, మోసానికి కావలసిన సరంజామా అంతా చిత్రిక పట్టి, నునుపు చేసి అందించింది ఆయనే. కూలి కూడా పుచ్చుకున్నాడు. పోనీ భార్యకైనా తెలియాలి కదా అంటే, ఆవిడ మూతి ముడిచి, "నన్నడిగితే నేనేం చెప్పేది? ఆ మంచం మీదికి దుప్పట్లు కుట్టింది నేనేగా" అంటుంది.

ఆయన్ని అందరూ కంటికొలత మేస్త్రి అనేవారు. టేపు ముట్టుకునేవాడు కాదు. గుమ్మంలో నిలబడి, ఒక కన్ను కాస్త మూసి, గదిని ఈ మూల నుంచి ఆ మూలకి చూసి, "ఇక్కడ బీరువా పట్టదమ్మా, పట్టినా తలుపు తెరుచుకోదు" అనేవాడు. ఆ తరువాత ఎవరైనా అనుమానం కొద్దీ కొలిచి చూస్తే ఆయన మాటే నిజమయ్యేది. పని నేర్చుకునే రోజుల్లో ఆయన గురువు టేపును నడుముకే కట్టుకుని, నిద్రలో కూడా విప్పేవాడు కాదట. అందుకని కంటికి నేర్పుకున్నాడు. లేమివల్ల అబ్బిన విద్యని గొప్పతనం కింద మార్చుకోవడం మగవాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని భార్య అభిప్రాయం.

ఆవిడ దర్జీ. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూనే ఉండేది. 

"అది వేసుకున్నవాళ్ళకి కళ్ళు పనిచెయ్యవే" అనేవాడాయన.

"కళ్ళతో కొలిచి కుడితే జాకెట్టు ఒంటికెక్కదు. కుట్టించుకున్నది వచ్చి నా మొహాన కొడుతుంది. నీ మంచాలకి నోరు లేదు కాబట్టి నీ ఆట సాగుతోంది" అనేది ఆవిడ.

నిజానికి ఆయన కన్ను గదిని కొలిచేది కాదు, మంచాన్ని కొలిచేది. ఏ గదిలోకి వెళ్ళినా ముందు మంచం ఎక్కడ పడుతుందో చూసుకునేవాడు. మంచానికీ గోడకీ మధ్య మనిషి మామూలుగా నడవగలిగితే అది గది. పక్కకి తిరిగి నడవాల్సి వస్తే కొట్టు. అసలు దారే లేకపోతే పెట్టె. నగరంలోని ఇళ్ళన్నిటినీ ఈ మూడు జాతుల కింద విడదీసి పెట్టుకున్నాడు. ఎవరైనా కొత్త ఇల్లు కొన్నామని సంబరంగా చెబితే, చూసి వచ్చి భార్య చెవిలో "రెండు కొట్లు, ఒక పెట్టె" అనేవాడు. ఇద్దరూ వీధి మలుపు దాకా నవ్వుకునేవారు.

వాళ్ళు ఉండేది అద్దె వాటాలో. ముందు గది, వంటగది, వెనక ఆయన పనికి ఒక రేకుల పాక. అంతకు ముందు ఉన్న ఇళ్ళు ఇంకా ఊరి నడిమధ్యలో ఉండేవి. బల్ల మీద కొత్తవాళ్ళు వచ్చి కూర్చునే కొద్దీ పాతవాళ్ళు చివరికి జరిగినట్టు, ఊరు లావెక్కే కొద్దీ వీళ్ళు అంచుకి జరుగుతూ వచ్చారు. ఇక జరిగితే కింద పడటమే.

ఆ సంగతి చెప్పడానికి ఆ వాటా అద్దెకిచ్చిన ఇంటావిడ ఒక సాయంత్రం పాక దగ్గరికి వచ్చి, చెక్కపొట్టు అంటకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నిలబడింది.

"ఏమనుకోకు మేస్త్రీ. మావాళ్ళు ఈ స్థలం బిల్డరుకి ఇచ్చేస్తున్నారు. ఎండలు ముదిరేలోగా ఖాళీ చేస్తే బాగుంటుంది. అయినా ఎన్నాళ్ళని అద్దెలు పోస్తావయ్యా? ఒకటి కొనుక్కోరాదూ?"

"పోసింది మీకేగా అమ్మగారూ. తిరిగిచ్చెయ్యండి, రేపే కొనుక్కుంటాను."

ఇంటావిడ నవ్వింది. నవ్వినంత మాత్రాన గడువు పెరగలేదు.

మొగుడూ పెళ్ళాం, ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే కూతురూ కలిసి ఇళ్ళ వేటలో పడ్డారు. ఒక చోట వంటగది ఏదని అడిగితే యజమాని బాల్కనీ చూపించాడు. ఇంకో చోట కిటికీ ఏదంటే, పక్కింటి గోడలో ఉన్న కిటికీ చూపించి "గాలి అక్కణ్ణించి వస్తుంది" అన్నాడు. వేరొకాయన షరతులు వల్లించాడు: రంపం పనికిరాదు, కుట్టుమిషను చప్పుడు పనికిరాదు, వంట వాసన బయటికి రాకూడదు, చుట్టాలు రాత్రి ఉండకూడదు.

"మేం ఉండొచ్చాండీ?" అంది కూతురు.

ఆయన దాన్ని వెటకారం అనుకోలేదు. ఆలోచించి చెబుతానన్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేస్త్రికి పెద్ద పని తగిలింది. ఊరి చివర కడుతున్న టవర్లకి శాంపిల్ ఫ్లాటు తయారు చేస్తున్నారు. కొనడానికి వచ్చినవాళ్ళు చూసి మురిసిపోవడానికన్న మాట. అందులోకి మంచాలు, సోఫా, భోజనాల బల్ల అన్నీ కావాలి. అక్కడి మేనేజరు బూరెబుగ్గల మనిషి. వీధి కుక్కకి కూడా గారు తగిలించి పిలిచే రకం.

"మేస్త్రిగారూ, మంచం పొడవులో జానెడు, వెడల్పులో బెత్తెడు తగ్గించాలి. కోళ్ళు కూడా పొట్టిగా ఉండాలి. ఆ లెక్కనే సోఫా, కుర్చీలు."

"పడుకునేదెవరండీ? పిల్లలా?"

"ఎవరూ పడుకోరు సార్. చూపుకేగా!"

మేస్త్రి ఇంటికొచ్చి కడుపు పట్టుకుని నవ్వాడు. "బొమ్మలింటికి సామాను చేస్తున్నానే. ఆ మంచం పక్కన గది మైదానంలా కనబడాలిట. వచ్చేవాళ్ళు గొర్రెలు. ఒక్కడంటే ఒక్కడు పడుకుని చూడడు." భార్యకీ పని దొరికింది. ఆ మంచానికి తగ్గ దుప్పట్లు, దిండ్లు, పరదాలు. దిండు చేతిలో పట్టుకుని, "ఇది పసిపిల్ల తలకి సరిపోతుంది. కొనేవాళ్ళ బుర్ర కూడా అంతే కాబోలు" అంది. కొననున్నది ఎవరో తెలిస్తే ఆ మాట అనేది కాదు.

పని అప్పగించిన రోజున మేనేజరు టీ తెప్పించి, కుర్చీ వేయించి, "మీరు మా మనిషి. మీకైతే తగ్గింపు ధర. పిల్లకి ఉద్యోగం ఉందిగా, లోను మేమే చూసుకుంటాం" అన్నాడు. ఆ తగ్గింపు మనుషులందరికీ చెప్పే తగ్గింపేనని తరువాత తేలింది. కానీ గడువు దగ్గర పడుతోంది, అద్దె ఇళ్ళు చూస్తే ఏడుపొస్తోంది. ముగ్గురూ ఒక ఆదివారం ఆ శాంపిల్ ఫ్లాటు చూడటానికి వెళ్ళారు.

చల్లటి ఏసీ గాలి. గోడ నిండా అద్దం. గుమ్మాలకి తలుపులు లేవు. అందం కోసం బిగించలేదట. పొట్టి మంచం మీద పొట్టి దిండు, దాని మీద "దయచేసి కూర్చోవద్దు" అని ఒక అట్ట. మేస్త్రి గుమ్మంలో నిలబడి ఒక కన్ను మూశాడు. భార్య చేతిసంచీలోంచి టేపు తీసింది.

"అయ్యయ్యో, అమ్మా!" అన్నాడు మేనేజరు, ఆవిడ కత్తి తీసినట్టు. "మేస్త్రిగారి కన్ను ఉండగా టేపా? మా ఇంజనీర్లే ఆయన్ని అడిగి వేస్తారు గీతలు."

మేస్త్రి ఛాతీ ఆ మాటకి ఎంత ఉబ్బిందో ఏ టేపూ కొలవలేదు. భార్య వైపు ఒక్క చూపు చూశాడు. నలుగురిలో నా పరువు తియ్యకు అన్న చూపు. ఆవిడ టేపు సంచీలో పడేసింది. కానీ నోరు ఊరుకోలేదు. పక్కకి పిలిచి గొంతు తగ్గించి, "ఏమయ్యా, ఆ మంచం నువ్వు కోసిందే. గుర్తుందా?" అంది.

"గుర్తుండక? ఆ తగ్గింపు తీసేసే చూశాను. నాకు నేర్పుతావా?"

"అయితే ఏమంటావు?"

"గది. నిఖార్సయిన గది. మంచం పక్కన ఇద్దరు నడవచ్చు."

"నాన్నా, సంతకం పెట్టెయ్యనా?" అంది కూతురు. జీతం ఆమెది, లోను ఆమె పేరు మీద, జుట్టు నెరిసేదాకా కట్టాల్సింది ఆమె. నాన్న కన్ను మీద నమ్మకం కొద్దీ పెట్టేసింది.

ఇంటావిడని బతిమాలి అద్దె వాటాలోనే రోజులు నెట్టుకొస్తుండగా టవరు లేచింది. సామాను చేర్చిన రోజున వాళ్ళ పాత టేకు మంచం లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా ఎక్కింది. ఎక్కి, గదిలోకి వెళ్ళి, ఈ గోడని తలతో, ఆ గోడని కాళ్ళతో తన్నిపెట్టి ఆగిపోయింది. తలుపు వేద్దామంటే మంచం పట్టెకి తగిలి సగంలో నిలిచింది. మోసుకొచ్చిన కూలీలు బయటికి రావడానికి మంచం ఎక్కి దిగారు.

మేస్త్రి గోడ మీద వేలి కణుపుతో తట్టి చూశాడు.

"ప్లాస్టరు మందంగా కొట్టారు, దొంగవెధవలు" అన్నాడు మేస్త్రి.

"ప్లాస్టరు జానెడు మందం కొడతారా?"

"కొడతారు. ఈ కాలంలో ఏదైనా కొడతారు."

"ప్లాస్టరు సరే, ఈ గది కొట్టా, పెట్టా? అది చెప్పు."

ఆయన తలుపు బందులు విప్పి, దాన్ని తీసుకెళ్ళి బాల్కనీలో నిలబెట్టి, "గుమ్మానికి పరదా కుట్టు" అన్నాడు. రంపాలు, ఉలులు ఆ తలుపు వెనక చేరాయి. కుట్టుమిషను హాల్లో, దాని కింద కాళ్ళు పెట్టుకుని కూతురి పడక. గుమ్మానికి పరదా కుట్టి ఇచ్చింది ఆవిడ. ఈసారి టేపు తియ్యొద్దనేవాళ్ళు లేరు, కొలిచే కుట్టింది.

కొన్నాళ్ళకి టవరు నిండింది. నిండిన కొద్దీ ప్రతి అంతస్తు నుంచీ మేస్త్రికి పిలుపు. అందరి మంచాలూ గోడలకి అడ్డంపడ్డాయి. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమన్నారు పెద్దలు; ఇక్కడ దుప్పట్లకి లోటు లేదు, గోడే జరగనంటోంది. మేస్త్రి ఒక్కొక్క మంచాన్నీ కోసి, పట్టెలు కుదించి, మళ్ళీ బిగించి ఇచ్చేవాడు. ఆ టవరులో ఆయన రంపం తగలని మంచం లేదు, కాళ్ళు ముడుచుకోకుండా నిద్రపోయే మనిషీ లేడు. ఇంత జరిగినా ఎవరితోనూ ఆయన గది చిన్నది అనలేదు. "మీ మంచం పెద్దదండీ. పాతకాలపు కొలత" అనేవాడు. వాళ్ళు సిగ్గుపడి, అవునవును, పాతకాలపు మంచమే అనేవారు.

"ఊరందరి మంచాలూ కోస్తున్నావు. మన మంచం ఎప్పుడు కోస్తావు?" అని భార్య అడిగేది.

"మనదానికేం? బాగానే పట్టింది."

"ఆహా! అతికినట్టు పట్టింది. మంచానికే గది తొడిగినట్టుంది."

ఆయన అలిగి బాల్కనీలోకి వెళ్ళేవాడు. అక్కడ తలుపు ఉండటం వల్ల పూర్తిగా వెళ్ళడం కుదిరేది కాదు. ఒక భుజం ఇంట్లోనే ఉండిపోయేది. అలగడానికి కూడా జాగా లేని కొంప కొన్నామని ఆవిడ గోడకి చెప్పేది. గోడ అవతలివాళ్ళు "నిజమే పిన్నీ" అనేవారు.

కోత పని గేటు పక్కన చేసుకునేవాడు. ఒక రోజు అపార్టుమెంటు సంఘం వాళ్ళు బోర్డు పెట్టారు: ఆవరణలో రంపం పని నిషేధం, ఫ్లాట్ల రేట్లు పడిపోతాయి. అందులో సంతకం పెట్టిన పెద్దమనిషి మంచం అంతకు ముందు వారమే మేస్త్రి కోసి ఇచ్చాడు. ఇప్పుడు మేస్త్రి పని చేసుకోవాలంటే ఒకటే దారి. ఊరికి అవతల, బస్సులు కూడా ఆయాసపడుతూ వెళ్ళే చోట, సామాన్ల గోదాములో చేరాలి. అక్కడే పడక. ఇంటికి రావడం చుట్టపుచూపే. పని మానేస్తే లోను వాయిదా కూతురు ఒక్కతే లాగలేదు. అంటే, ఇల్లు నిలవాలంటే ఇంటాయన ఇంట్లో ఉండకూడదు.

మేనేజరు అప్పుడు ఊడిపడ్డాడు. బుగ్గలు ఇంకా పెరిగాయి. వాటికి ఉన్న జాగా ఆ టవరులో ఇంకెవరికీ లేదు.

"మేస్త్రిగారూ, రెండో టవరు మొదలుపెట్టాం. అచ్చం ఇలాంటి ఫ్లాట్లే. శాంపిల్ కాదు, మనుషులు కాపురం ఉన్న ఇల్లు చూడాలంటున్నారు కొందరు. అనుమానపు పీనుగులు. మీ ఇంటికి తీసుకొస్తాను. మీరు ఒక్క మాట చెప్పండి, సరిపోతుందని. సెల్లారులో ఒక మూల మీకు ఇప్పించే పూచీ నాది. రంపం కాదు, రైలింజను పెట్టుకోండి. సంఘం నోరు నేను మూయిస్తా."

ఆ రోజంతా ఇంట్లో అదే మాట. "ఒక్క మాటేగా నాన్నా. నువ్వు గోదాములో ఎందుకు పడుండాలి? అందరం ఒక్కచోట ఉంటాం" అంది కూతురు. భార్య మిషను తొక్కుతూ వింది. ఆవిడకీ ఆయన ఇంట్లోనే ఉండాలని ఉంది. అబద్ధం ఆడితే ఆడనీ, అనుకుంది. కడుపు కోసం ఆడేదాన్ని దేవుడు కూడా లెక్కలో వెయ్యడు. తన బుర్రలోనైనా ఆయన అది అబద్ధమని తెలిసి ఆడితే చాలు.

మరునాడు మధ్యాహ్నం మేనేజరు ఒక కుర్ర జంటని వెంటబెట్టుకొచ్చాడు. నడవలో ఒకరి వెనక ఒకరు, బడిపిల్లల్లా వరసగా వచ్చారు. ఆ అమ్మాయి వంటగదిలోకి తొంగి చూసింది. కుళాయి తిప్పింది. పరదా తప్పించి పడకగది చూసింది. మంచం చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"మేస్త్రిగారూ, మా అత్తగారు కూడా మాతోనే ఉంటారండీ. మోకాళ్ళ నొప్పులు. నిజం చెప్పండి, సరిపోతుందా?"

మేనేజరు మేస్త్రి వైపు చూసి చిరునవ్వు బిగించాడు. కూతురు గోడకి ఆనుకుని గోళ్ళు గిల్లుకుంటోంది. అప్పుడు మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. ఒక కన్ను కాస్త మూశాడు. తాను రోజూ ఎక్కి దిగే గదిని, ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఈ మూల నుంచి ఆ మూలకి చూశాడు.

"నిఖార్సయిన గదమ్మా" అన్నాడు. "నా కన్ను ఎప్పుడూ తప్పలేదు."

భార్యకి ఒళ్ళు మండింది. సరిపోతుంది అని ఊరుకుంటే ఓర్చుకునేది. ఆ కన్ను ఎందుకు మూశాడు? ఆ మూయడంలో నటన లేదు. కళ్ళెదుట మంచం గోడని తన్నుతుంటే, ఈ మనిషి ఇంకా తన కన్నునే వెనకేసుకొస్తున్నాడు.

కుర్ర అమ్మాయి ఆవిడ వైపు తిరిగింది. "మీరేమంటారు పిన్నిగారూ?"

"సరిపోతుందమ్మా" అంది ఆవిడ. "మీ అత్తగారికి నిలబడి నిద్రపోవడం వస్తే."

మేనేజరు చిరునవ్వు అలాగే ఉండిపోయింది, గోడకి మేకు కొట్టి తగిలించినట్టు. కూతురు కళ్ళు మూసుకుంది. తరువాత ఆ కుర్రవాడు పకపకా నవ్వాడు. "పిన్నిగారు భలేవారే!" అన్నాడు. మేనేజరు ఇంతలో తేరుకుని, అందరికన్నా గట్టిగా నవ్వాడు. 

అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఆవిడకి దగ్గరగా వచ్చి, మెల్లిగా, "మేం చూసినవాటిల్లో ఇదే పెద్దది పిన్నిగారూ" అంది. "ఉన్న ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నారు." ఆ తరువాత మేనేజరు వైపు తిరిగి, బుకింగ్ ఎప్పుడు చేసుకోవచ్చని అడిగింది.

అంతే. నిజం నోరు విప్పి చెప్పినా బేరం పోలేదు. అబద్ధం చెప్పకపోయినా పోయేది కాదు కాబోలు. మేనేజరు హుషారుగా మేస్త్రి చెయ్యి పట్టుకుని ఊపాడు. "సెల్లారు మూల ఈ పూట నుంచే మీది సార్. పనిబల్ల దించుకోండి."

అందరి మొహాలూ తేలికపడ్డాయి. మేస్త్రి మొహం ఒక్కటే మారలేదు. ఆయన మేనేజరుని చూడటం లేదు, ఆ జంటని చూడటం లేదు, భార్యనే చూస్తున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ వెయ్యి ఎత్తిపొడుపులు పొడిచింది. అన్నీ నాలుగు గోడల మధ్య. బయటివాళ్ళ ముందు ఆయన కన్ను తప్పని అన్నది ఇదే మొదలు. దానికి వాళ్ళు నవ్వారు. కోపం వచ్చి అరిచి ఉంటే ఆవిడ రెండు మాటలు కలిపి అప్పజెప్పేది. ఆయన అరవలేదు.

బాల్కనీలోకి వెళ్ళి, తలుపు వెనక నుంచి పనిముట్ల సంచీ లాగాడు. హాల్లో తాడు మీద ఆరేసిన చొక్కాలు రెండూ తీసి అందులో కుక్కాడు. సంచీ భుజాన వేసుకుని నడవలోకి వచ్చేసరికి దారి లేదు. కుర్రవాడు వంటగదిలోకి, ఆ అమ్మాయి స్నానాలగదిలోకి, మేనేజరు పొట్ట బిగబట్టుకుని గోడలోకి తప్పుకుంటే తప్ప ఆయన ముందుకు రాలేకపోయాడు. భార్య తప్పుకోలేదు. ఆవిడకి తప్పుకోవడానికి చోటు కూడా లేదు. ఆయన పక్కకి తిరిగి, ఆవిడని రాసుకుంటూ దాటాడు.

సెల్లారు మూల చూసుకోవడానికేమో అనుకుంది ఆవిడ. చొక్కాలెందుకు మరి?

"నాన్నా?" అంది కూతురు.

మేనేజరు పార్కింగు సంగతులు మొదలుపెట్టాడు. ఆవిడ బాల్కనీలో తలుపు పక్కనున్న సందులోంచి ఒక భుజం బయటపెట్టి కిందికి చూసింది. కాసేపటికి ఆయన మెట్ల దారిన బయటికి వచ్చాడు. సెల్లారు వైపు తిరగలేదు. కాపలావాడు ఏదో పలకరించినట్టున్నాడు, ఆగలేదు. గోదాము వైపు వెళ్ళే బస్సు రోడ్డు మలుపులో ఆయాసపడుతూ నిలబడి ఉంది. గుమ్మం దాటేటప్పుడు పగవాడైనా వెళ్ళొస్తాననే అంటాడు. ఆయన అది కూడా అనలేదు. తల ఎత్తి పైకైనా చూడకుండా బస్సెక్కాడు.